ఉన్నారా గారి కాపలాదారు

మా ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన మంచి పేరొకటి ఉంది గానీ, మా పార్సిల్ కంపెనీలో ఆ పేరుతో పిలిస్తే ఆయనే తల తిప్పి చూడరు. అక్కడ అందరికీ ఆయన ‘ఉన్నారా గారు’. ఫోనెత్తితే హలో అనరు, “ఉన్నారా?” అంటారు. తలుపు తట్టినా అదే మాట. మెసేజ్ పెట్టి, అవతలివాళ్ళు దాన్ని చదివేలోపే ఇంకో మెసేజ్ పెడతారు: “ఉన్నారా?”

ఇంట్లో మర్యాద కాస్త తగ్గి అది “ఉన్నావా?” అవుతుంది. స్నానాల గదిలో నేను నాలుగు చెంబులు ఎక్కువ పోసుకుంటే చాలు, తలుపు మీద టకటక.

“ఉన్నావా?”

“లేను. కిటికీలోంచి దూకి పారిపోయాను.”

“అందులో కిటికీ లేదుగా?”

ఇదీ వరస. వేళాకోళం ఆడితే సమాధానం వచ్చిందని సంతోషిస్తారు తప్ప, అది వేళాకోళమని పట్టించుకోరు. సమాధానం రావాలి, అంతే. రాకపోతే ఆయన ప్రాణం ఉండబట్టదు.

ఈ గుణం ఉన్నవాడికి తగ్గ ఉద్యోగమే దొరికింది. ఏ పార్సిల్ ఎవరిది, ఏ అరలో ఉంది, ఏ బండెక్కింది అన్న లెక్కలన్నీ దాచిపెట్టే డేటాబేస్ సర్వర్ ఒకటి మా ఆఫీసు పై అంతస్తులో ఉంది. దాని ఆలనాపాలనా ఈయనదే. నేను కింద కౌంటరులో కూర్చుంటాను. సర్వర్‌కు తుమ్మొస్తే నా కౌంటరుకు జలుబు చేస్తుంది కాబట్టి, ఆయన పనితనం గురించి నాకు తెలిసినంతగా మేనేజరుకు కూడా తెలియదు.

పాత సర్వర్‌కు అప్పుడప్పుడూ సొమ్మసిల్లే జబ్బుండేది. దానికి మా ఆయన సొంతంగా ఓ మందు కనిపెట్టారు. చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాసి, దానికి ‘కాపలాదారు’ అని పేరు పెట్టి, మూలనున్న ఓ ముసలి కంప్యూటర్లో పెట్టారు. దాని పని ఒకటే. అర నిమిషానికోసారి సర్వర్‌ను “ఉన్నావా?” అని అడగడం. వరసగా మూడుసార్లు అడిగినా పలక్కపోతే, పోయిందని తీర్మానించి, దాన్ని బలవంతాన ఆపి మళ్ళీ లేపడం. తండ్రి పోలికలు అచ్చుగుద్దినట్టు వచ్చాయని నేను అప్పుడే అన్నాను. ఆయన దాన్ని మెచ్చుకోలనుకున్నారు.

ఇంకో గుణం కూడా చెప్పాలి. ఈయనకు ఏదైనా ఒకటికి రెండుండాలి. గొడుగులు రెండు, కళ్ళజోళ్ళు రెండు, ప్రతి తాళానికీ రెండేసి చెవులు, సర్వర్లోని లెక్కలకు రెండేసి నకళ్ళు. పెళ్ళాం విషయంలో మాత్రం ఒక్కతెతో సరిపెట్టుకున్నారు, అందుకు నా నోరే కారణమని మా అత్తగారు అంటూ ఉండేవారు.

అంటూ ఉండేవారు అని ఎందుకన్నానంటే, అప్పటికి కొన్ని వారాలుగా ఆవిడ ఏమీ అనడం లేదు.

మా అత్తగారు టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ ఒకప్పుడు ఆవిడ చేతుల మీదుగానే అటూ ఇటూ వెళ్ళేవి. మాటకు మాట అప్పటికప్పుడు అంటించేది. నాకూ ఆవిడకూ రోజూ పోట్లాటే, ఆ పోట్లాట లేనిరోజు ఇద్దరికీ అన్నం సయించేది కాదు. అలాంటావిడకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి సన్నగిల్లింది, నోటిమాట పోయింది. మనుషుల్ని గుర్తుపడుతుంది, చెప్పింది అర్థం చేసుకుంటుంది, జోకేస్తే ఎడమవైపు పెదవి నవ్వుతుంది. మాట మాత్రం బయటికి రాదు.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజే ఈయన గది సర్దేశారు. మందులు రెండేసి సీసాలు, పిలవడానికి గంటలు రెండు, తల కింద దిండ్లు రెండు, కప్పుకోవడానికి దుప్పట్లు రెండు. ఆ తర్వాత మొదలైంది అసలు కాపలా.

“అమ్మా, మంచినీళ్ళు కావాలా?”

ఆవిడ పెదవులు కదిలేవి. కళ్ళు కాస్త పైకెత్తి, లోపలెక్కడో ఉన్న మాటను వెతుక్కుంటున్నట్టు చూసేది. గొంతులో చిన్న శబ్దం మొదలయ్యేది. అంతలోనే ఈయన, “కాదా? పోనీ ఫ్యాను వెయ్యనా? చలేస్తోందా? దిండు సర్దనా?” అంటూ రెండు దిండ్లూ దులిపి మళ్ళీ ఎత్తుగా పెట్టేవారు. ఆవిడ కళ్ళు మూసుకునేది. “నిద్దరొస్తోందేమో పాపం,” అని నాతో గుసగుసగా చెప్పి, పావుగంటకు మళ్ళీ వెళ్ళేవారు. “అమ్మా, ఉన్నావా?”

వారానికి రెండుసార్లు మాటల డాక్టరమ్మ వచ్చేది. పోయిన మాటను తిరిగి నేర్పే డాక్టరు కనుక మేం పెట్టుకున్న పేరది. ఆవిడ మొదటిరోజే సూత్రం చెప్పింది.

“ఒక్క ప్రశ్న అడగండి సార్. అడిగి నోరు మూసుకోండి. అమ్మగారు లోపల మాట వెతుక్కుంటున్నారు. మధ్యలో మీరు ఇంకోటి అడిగితే ఆ వెతుకులాట పోయి, మళ్ళీ మొదటికొస్తుంది.”

“ఎంతసేపు ఆగాలండీ?”

“వచ్చేదాకా.”

ఈయన బుద్ధిగా తలూపారు. ఆ తలూపుడు నేను పెళ్ళైనప్పటి నుంచీ చూస్తున్నదే, దానికీ ఆచరణకూ చుట్టరికం లేదు.

శుక్రవారం డాక్టరమ్మ వెళ్ళేముందు మమ్మల్ని వరండాలోకి పిలిచింది. ఆవిడ ముఖం చూస్తేనే నాకు భయమేసింది.

“ఈవారం అమ్మగారు ప్రయత్నమే చెయ్యడంలేదు. అడిగితే గోడవైపు తిరిగిపోతున్నారు. మాట రావడానికి ఇదే అదను. ఇప్పుడు విసుగెత్తి మానేశారంటే, ఆ తర్వాత నేనొచ్చినా లాభం ఉండదు. సోమవారం సాయంత్రం వస్తాను. ఆలోపు ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటి, ఆవిడంతట ఆవిడ చెప్పేలా చూడండి.”

ఈయన ముఖం వాడిపోయింది. తల్లి అంటే ఆయనకు ప్రాణం. ఆ ప్రాణమే ఆవిడ ప్రాణం తీస్తోందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నాకు నోరు రాని సందర్భాలు చాలా తక్కువ.

గోరుచుట్టు మీద రోకటి పోటన్నట్టు, సర్వర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చే పని కూడా ఆ ఆదివారమే వచ్చిపడింది. పాత వెర్షన్‌కు కాలం చెల్లిందని, దాన్ని తయారుచేసిన కంపెనీ ఇక పట్టించుకోదని మేనేజరు తొందరపెట్టాడు. మేనేజరు మాకన్నా బాగా చిన్నవాడు, నిలబడి కాఫీ తాగే రకం. మా ఆయన రెండు నకళ్ళు తీసుకుని, సర్వర్లో ఉన్న ప్రతిదాన్నీ ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని, ఆదివారం మధ్యాహ్నానికల్లా కొత్తది ఎక్కించారు. ఇంటికొచ్చి, “ఇక దిగుల్లేదు,” అన్నారు. ఇల్లు అలకగానే పండగ కాదని నేను అన్నాను. అననివ్వరు గానీ, అన్నవన్నీ జరుగుతాయి.

సోమవారం పొద్దున్న సర్వర్ అసలు లేవనే లేదు. పాత సెట్టింగుల్లో ఉన్న ఒక్క వాక్యం కొత్త వెర్షన్‌కు తెలియదట. తెలియని మాట కనబడితే అది అలిగి కూర్చుంటుందట. ఆ వాక్యం తీసేస్తే లేచింది. కొండను తవ్వి ఎలుకను పట్టిన సంతోషంతో ఈయన మెట్లు దిగి వస్తుండగానే, కౌంటరులోని మా కంప్యూటర్లన్నీ లోపలికి రానివ్వడం లేదని ఎర్రగా చూపించాయి. పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతి కొత్తదానిలో మారిందట, మా పాత కంప్యూటర్లకు ఆ పద్ధతి తెలియదట. పాత గుమ్మానికి కొత్త తాళం వేశామన్నమాట. ఈయన ఒక్కో బల్ల కిందా దూరి, ఒక్కోదాన్నీ బాగుచేసి, జుట్టునిండా బూజుతో బయటికొచ్చారు.

కౌంటరు ముందు అప్పటికే జనం మూగారు. అందులో ఒకావిడ తన కుట్టుమిషన్ కోసం వచ్చింది. “అమ్మా, నా మిషన్ లోపలుందని ఫోనొచ్చింది. మీరు లేదంటారేం?”

“లేదనడం లేదమ్మా. ఏ అరలో ఉందో కంప్యూటరు చెప్పడం లేదు.”

“అరలు కనబడుతున్నాయిగా, వెళ్ళి చూడండి.”

నిజమే. వెనక్కి తిరిగితే అట్టపెట్టెల కొండ. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మా పని.

కాసేపు అంతా సవ్యంగా నడిచింది. బళ్ళన్నీ ఒక్కసారి వచ్చేసరికి రద్దీకి సర్వర్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోయింది. దానికి కేటాయించిన మెమరీ చాల్లేదని ఈయన ఇంకాస్త ఇచ్చి లేపారు. లేచింది, పడింది. లేపితే లేచింది, పడింది. నా తెర మీద ‘కనెక్షన్ తెగిపోయింది’ అన్న మాట వచ్చిపోతూనే ఉంది. బయట బళ్ళు ఒకదాని వెనక ఒకటి నిలబడి హారన్లు కొడుతున్నాయి.

మధ్యాహ్నానికి పైనుంచి కబుర్లు అందాయి. డిస్కు చెడిందేమోనని చూశారట, బాగానే ఉంది. వైర్లు మార్చారట, లాభం లేదు. సర్వర్ కంపెనీవాళ్ళకు ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి సర్వర్ రాసుకునే చిట్టా పంపమని చెప్పి, పాట పెట్టి వెళ్ళిపోయిందట. ఇక మేనేజరు తేల్చేశాడు. “సాయంత్రందాకా చూద్దాం. లేవకపోతే పాత వెర్షన్‌కే వెళ్ళిపోదాం. పొద్దుట్నుంచి ఎక్కించినవన్నీ చేత్తో మళ్ళీ ఎక్కించుకుందాం. మీరు మాత్రం అదయ్యేదాకా కదలడానికి వీల్లేదు.”

సాయంత్రం డాక్టరమ్మ వస్తుంది. ఆ సంగతి ఈయనకు గుర్తుంది, నాకూ గుర్తుంది. సర్వర్‌కు ఇవాళ కాకపోతే రేపుంది. గోడవైపు తిరిగిన మనిషికి ఉందో లేదో.

క్యారేజీ పట్టుకుని పైకి వెళ్ళాను. ఆ గది ఎప్పుడూ వణికిస్తుంది. ఈయన స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని, తెరకు ముక్కు ఆనించి కూర్చున్నారు. క్యారేజీ పెట్టడానికి చోటు లేక, మూలనున్న ముసలి కంప్యూటరు మీద పెట్టాను.

“తినండి ముందు.”

“కొత్త వెర్షన్‌లోనే ఏదో లోపం ఉందోయ్. లేకపోతే ఇలా చావదు.”

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. “ఏమంటోంది చచ్చేముందు?” అని అడిగాను. సర్వర్ తను చేసే ప్రతి పనినీ లాగ్ అనే చిట్టాలో రాసుకుంటుందని నాకు తెలుసు.

ఆయన చదివి వినిపించారు. లేచాను. సగంలో ఆగిన పనులు సరిచూసుకుంటున్నాను. కొంత అయింది. ఇంకొంత అయింది. అక్కడితో ఆఖరు. మళ్ళీ మొదలు. లేచాను. సగంలో ఆగిన పనులు సరిచూసుకుంటున్నాను. ఈసారి పనులు మరికొన్ని పెరిగాయి. మళ్ళీ అక్కడే ఆఖరు.

“అదేంటండీ, చచ్చేవాడు అబ్బా అనైనా అంటాడుగా. ఇది మాట మధ్యలో ఆగిపోతోందేం?”

ఆయన నావైపు చూశారు. మళ్ళీ తెరవైపు చూశారు. “అవును. ఎర్రర్ ఏదీ లేదు. ప్రతిసారీ లేచాక సరిగ్గా అంతే సేపటికి ఆగుతోంది. ఇది చావడం కాదు. ఎవరో చంపుతున్నారు.”

“ఈ గదిలో ఉన్నది మీరొక్కరేగా.”

“నేను ముట్టుకోలేదు!”

“సరే, హంతకుణ్ణి తర్వాత పట్టుకుందురు గానీ, తినండి.”

ఆయన విసుగ్గా లేచి క్యారేజీ అందుకోబోయి, చెయ్యి అక్కడే ఆపేశారు. దాని కిందున్న ముసలి కంప్యూటరు మీద పచ్చదీపం మిణుకుమంది. కాసేపాగి మళ్ళీ మిణుకుమంది. అర నిమిషానికోసారి.

“కాపలాదారు,” అన్నారు మెల్లిగా.

అంతే సంగతి. సర్వర్లో ఉన్నవన్నీ సరిచూసిన మనిషి, సర్వర్ బయట ఉన్న తన సొంత బిడ్డను మరిచిపోయారు. పాత సర్వర్ పడి లేస్తే వెంటనే పలికేది. కొత్తది అలా కాదు, ఆగిపోయిన పనులన్నీ పూర్తిగా సరిచూసుకుని గానీ పలకదు. అది లోపల తలవంచుకుని పని చేసుకుంటుంటే, కాపలాదారు బయట నిలబడి “ఉన్నావా? ఉన్నావా? ఉన్నావా?” అని అడిగి, పలకలేదని మెడ పట్టి లేపుతోంది. లేపినప్పుడల్లా సగం పని వృథా, మళ్ళీ మొదటి నుంచి మొదలు. కంచే చేను మేస్తోంది పొద్దుట్నుంచీ.

ఆయన కాపలాదారును ఆపేశారు. సర్వర్ మరోసారి లేవడం మొదలుపెట్టింది. ఇక చెయ్యాల్సిన పనేమీ లేదు, ఊరికే కూర్చోవాలి. మా ఆయనకు అంతకంటే పెద్ద శిక్ష ప్రపంచంలో లేదు. చెయ్యి కీబోర్డు దగ్గరికి పోతుంది, వెనక్కొస్తుంది. మేనేజరు ఫోన్ చేసి “అయిందా?” అంటాడు. పెట్టేసి మళ్ళీ చేసి “అయిందా?” అంటాడు. మూడోసారి ఫోన్ మోగేసరికి మా ఆయన దాన్ని దిండు కింద దాచినట్టు స్వెట్టరు కింద దాచేశారు.

“ఒక్కసారి అడిగి చూస్తానోయ్. ఉందో లేదో తెలుస్తుంది.”

“ఉంటుంది. కూర్చోండి.”

ఆయన రెండు చేతులూ నా చేతుల్లోకి తీసుకుని గట్టిగా పట్టుకున్నాను. పెళ్ళినాడు కూడా అంతసేపు పట్టుకున్న గుర్తు లేదు. లాగ్ ఒక్కో వాక్యమే కదులుతోంది. ఇంతకుముందు ఆగిన చోటు దాటింది. ఇంకా దాటింది. చాలాసేపు ఏమీ రాలేదు. అప్పుడొచ్చింది ఆఖరి వాక్యం. సిద్ధంగా ఉన్నాను.

కింద నుంచి కుట్టుమిషన్ ఆవిడ కేక పైకి వినబడింది. దొరికిందన్నమాట.

మేనేజరు పైకొచ్చి, ఇంతకూ లోపం ఎక్కడని అడిగాడు. “నాలోనే,” అన్నారు మా ఆయన. మేనేజరు నవ్వి, భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఈయన నవ్వలేదు. క్యారేజీ ముట్టకుండానే తిరిగి కట్టేసి, “ఇంటికి పోదాం,” అన్నారు.

దారంతా ఏం ఆలోచిస్తున్నారో నాకు తెలుస్తూనే ఉంది. తెలిసి కూడా ఒక్కమాట అనకుండా నడిచాను. నాలాంటి దానికి అదెంత తపస్సో చూసినవాళ్ళకే తెలియాలి.

మేం వెళ్ళేసరికి మాటల డాక్టరమ్మ వచ్చి కూర్చునే ఉంది, పగలు అత్తగారిని చూసుకునే ఆయా మాకు తలుపు తీసి తనింటికి వెళ్ళిపోయింది. అత్తగారు గోడవైపు తిరిగి ఉన్నారు. డాక్టరమ్మ మావైపు చూసి, లాభం లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

మా ఆయన మంచం పక్కన నేల మీద కూర్చున్నారు. ఆవిడ ఎడమచెయ్యి పట్టుకున్నారు.

“అమ్మా, నీకేం కావాలి?”

అంతే. ఇంకేం అడగలేదు. ఆవిడ కదల్లేదు. గోడ గడియారం కొట్టుకుంటోంది. వంటింట్లో కొళాయి బొట్టుబొట్టుగా కారుతోంది. ఈయన నోరు తెరిచారు. నేను వెనకనుంచి భుజం మీద చెయ్యేశాను. ఆయన తన నోటిని తనే అరచేత్తో మూసుకున్నారు.

రెండో ప్రశ్న రాకపోవడం ఆవిడకు వింతగా తోచిందేమో, మెల్లిగా ఇటు తిరిగింది. నోరు మూసుకుని కూర్చున్న కొడుకును ఎగాదిగా చూసింది. కళ్ళు పైకెత్తింది. పెదవులు కదిలాయి. ఆగాయి. గొంతులో శబ్దం మొదలైంది, తెగింది, మళ్ళీ మొదలైంది. ఈయన కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, చెయ్యి మాత్రం నోటి మీదనుంచి తియ్యలేదు. నేను నా జీవితంలో అంతసేపు ఊరుకోలేదు.

“ఒక...” అన్నారు అత్తగారు. చాలాసేపటికి, “దిండు...” అన్నారు. ఇంకా చాలాసేపటికి, విసుగంతా కూడదీసుకుని, “తీసెయ్‌రా,” అన్నారు.

ఈయన తటపటాయిస్తూ పైదిండు లాగారు. ఆవిడ తల కిందికి వాలింది, మెడ సాగింది, ‘హమ్మయ్య’ అన్నట్టు ఎడమవైపు పెదవి నవ్వింది. ఆ దిండును ఎన్నిసార్లు దులిపి, ఎన్నిసార్లు ఎత్తుగా సర్దామో తలుచుకుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మా ఆయన దిండు ఒళ్ళో పెట్టుకుని అడిగారు. “ఎప్పట్నుంచమ్మా?”

ఈసారి ఆయన నోటికి చెయ్యి అవసరం రాలేదు. మేం ముగ్గురం ఆగాం. వీధిదీపం వెలిగి, వెలుగు కిటికీలోంచి మంచం మీద పడింది. ఆవిడ తొందరపడలేదు. వెతుక్కుని, వెతుక్కుని, దొరికాక కొడుకు ముఖంలోకి చూసి చెప్పింది.

“మొదట్నుంచీ.”